ప్రాణహిత కింద పాత చీలిక: బొగ్గుకూ, రాక్షసబల్లులకూ, భూకంపానికీ ఉన్న చుట్టరికం

2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా అడవుల కింద భూమి కదిలింది. తీవ్రత 5.3. గోదావరికి ఇవతల గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల నుంచి నాగపూర్ దాకా ఆ కుదుపు తెలిసింది. అటు హైదరాబాదులో, విజయవాడలో కూడా జనం ఇళ్లలోంచి బయటికి వచ్చారు. పెద్ద నష్టమేమీ జరగలేదు. అయితే ఆ రోజు మొదలైన మాటలు, గోదావరి ఒడ్డున మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఉన్న మా సిరోంచ తాలూకాలో ఇంకా ఆగలేదు. మేడిగడ్డ బ్యారేజీ వల్లే వచ్చిందని కొందరంటారు. బొగ్గు గనుల్లో పేలుళ్ల వల్ల అని ఇంకొందరి నమ్మకం. అదే ఏడాది వానాకాలంలో మేడారం అడవిలో సుడిగాలికి వేల చెట్లు ఒక్కసారిగా కూలిపోయాయి కదా, దానికీ దీనికీ ఏదో లంకె ఉందని ఫోన్లలో తిరిగిన సందేశాలకు లెక్కే లేదు.

మా దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. మరాఠీ పత్రికకు అది తెలంగాణ భూకంపం. తెలుగు పత్రిక అచ్చు వేసే పటమేమో గోదావరి గట్టు దగ్గర ఆగిపోతుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండీతో కలిపి మూడూ నడిచే ఈ తాలూకాలో, మన కాళ్ల కింది నేల సంగతి ఒక్కో భాషలో సగం సగమే దొరుకుతుంది. సింగరేణి బొగ్గు గురించి ఒకచోట చదువుతాం, సూర్జాగఢ్ ఇనుము గురించి మరోచోట, రాక్షసబల్లుల ఎముకల గురించి ఇంకెక్కడో. మణుగూరు వేడినీటి బోరు వార్త మన దాకా రానే రాదు. ఇవన్నీ ఒకే పెద్ద చీలిక చుట్టూ అల్లుకున్న కథలు. ఆ చీలిక తెలిస్తే ముడులు చాలావరకు విడిపోతాయి.

భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని ప్రాణహిత–గోదావరి లోయ అంటారు. ఉత్తరాన చంద్రపూర్ వైపు మొదలై ఆగ్నేయ దిశగా సిరోంచ, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం, చింతలపూడి మీదుగా ఏలూరు వైపు సాగుతుంది. పొడవు 400 కిలోమీటర్లకు పైమాటే. దీనికి రెండు పక్కలా దేశంలోకెల్లా పాతవైన రెండు గట్టి రాతి దిమ్మెలు ఉన్నాయి. నైరుతిన ఉన్నది ధార్వాడ్ దిమ్మె, ఈశాన్యాన ఉన్నది బస్తర్ దిమ్మె. కరీంనగర్ గుట్టల గ్రానైటు మొదటి దాని మీదిది, ఎటపల్లి కొండలు రెండో దాని మీదివి. ఆ రెండు దిమ్మెల మధ్య అతుకు మీద మనం ఊళ్లు కట్టుకుని బతుకుతున్నాం.

సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట ఇండియా, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా కలిసి గోండ్వానా అనే ఒకే భూఖండంగా ఉండేవి. అప్పుడు ఈ అతుకు దగ్గర నేల రెండు వైపులకూ సాగడం మొదలైంది. సాగిన చోట సమాంతరంగా పగుళ్లు పడ్డాయి. పగుళ్ల మధ్య ఉన్న పట్టీ మెల్లగా కిందికి దిగింది. దిగిన కొద్దీ పక్క కొండల నుంచి వాగులు ఇసుక, మట్టి, బండరాళ్లు తెచ్చి నింపుతూ వచ్చాయి. అలా పేరుకున్న పొరల మందం కొన్ని చోట్ల 3 కిలోమీటర్లు దాటింది. వినడానికి పెద్ద అగాధంలా తోస్తుంది గానీ, పట్టిన కాలం సుమారు 15 కోట్ల ఏళ్లు. అంటే వెయ్యేళ్లకు సగటున రెండు సెంటీమీటర్ల దిగుడు. ఆ కాలంలో ఇక్కడ నిలబడి చూసేవారు ఉండి ఉంటే వాళ్లకు కనబడేది లోయ కాదు. మెరక, పల్లం పెద్దగా తేడా తెలియని మైదానం, మెలికలు తిరిగే నదులు, చెరువులు, అడవులు కనబడేవి.

తూర్పు ఆఫ్రికాలో ఇలాంటి సాగుడు ఈనాటికీ జరుగుతోంది. అది అలాగే కొనసాగితే ఎప్పటికో అక్కడ సముద్రం పుడుతుంది. మన చీలిక అంతదాకా పోలేదు, మధ్యలో ఆగిపోయింది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట ఇండియా, అంటార్కిటికా విడిపోయినప్పుడు సముద్రం తూర్పు తీరాన తెరుచుకుంది. లోపలి ఈ చీలిక పూడుకుపోయిన లోయగానే మిగిలింది. సిరోంచ ఎదుట ప్రాణహితను కలుపుకున్న గోదావరి, అప్పటిదాకా తూర్పుగా వస్తున్నది కాస్తా, ఆగ్నేయానికి తిరిగి భద్రాచలం దాకా ఈ మెత్తని పొరల వెంబడే పోతుంది. ఆ తర్వాత లోయను వదిలి తూర్పు కనుమల గట్టి రాయిని కోసుకుంటూ పాపికొండల ఇరుకులో దూరుతుంది. పడవలో వెళ్లినవారికి అక్కడ నది ఒక్కసారిగా ఎందుకు సన్నబడుతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

లోయలో అన్నిటికన్నా అడుగున ఉన్నవి హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన గులకరాళ్లు, బండలు. మే నెలలో సిరోంచ ఎండ ఎరిగినవారికి నమ్మశక్యం కాదు గానీ, అప్పటి ఇండియా దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. మంచు తగ్గాక చల్లని బురద నేలల్లో గ్లోసోప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకుల చెట్లు దట్టంగా పెరిగాయి. కూలిన చెట్లు నీళ్లలో కుళ్లకుండా నిలిచి, పైన ఇసుక పొరలు పడి, కోట్ల ఏళ్ల బరువుకూ వేడికీ బొగ్గయ్యాయి. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర గుర్తించినది ఆ బొగ్గునే. బెల్లంపల్లి, రామగుండం, భూపాలపల్లి గనుల్లోనూ, ఇటు బల్లార్‌పూర్, ఘుగ్గుస్ గనుల్లోనూ తవ్వుతున్నది ఆ కాలపు అడవినే. చంద్రపూర్ జిల్లా గని కాలనీల్లో తెలుగు కుటుంబాలు అన్ని తరాలుగా స్థిరపడడానికి కారణం వెతికితే చివరికి ఆ నాలుక ఆకుల దగ్గరికే చేరతాం.

మరి ఇనుము? గడ్చిరోలి జిల్లా ఎటపల్లి వైపున్న సూర్జాగఢ్ కొండ లోయలోనిది కాదు, బస్తర్ దిమ్మె మీదిది. అక్కడి ఇనుపరాయి 250 కోట్ల ఏళ్లకు పైబడిన పాత సముద్రాల అడుగున పేరుకున్నది. బొగ్గు కన్నా పది రెట్లు పాతదన్నమాట. మా జిల్లాలో ఇనుము ఒక పక్కా, పొరుగు జిల్లాల్లో బొగ్గు ఇంకో పక్కా ఉండడానికి ఆ చీలిక గీసిన గీతే కారణం. ఎటపల్లి కొండల్లో బొగ్గు కోసం వెతకడం ఎంత వృథానో, భూపాలపల్లి ఇసుకరాతిలో సూర్జాగఢ్ లాంటి ఇనుపకొండ కోసం వెతకడమూ అంతే వృథా.

ఇక నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన సంగతి ఎముకలది. బొగ్గు పొరల పైన ఎర్రమట్టి పొరలు, వాటి పైన సున్నపురాతి పలకలు ఉన్నాయి. గోదావరి కలిసే చోటికి కొద్దిగా ఎగువన, ప్రాణహిత ఎడమ ఒడ్డున కోట అనే చిన్న ఊరు ఉంది. దాని దగ్గరి సున్నపురాతి పలకల్లో మెరిసే పొలుసులతో సహా నిలిచిన చేపల శిలాజాలు 1850ల నాటికే ఇంగ్లండు శాస్త్రజ్ఞుల బల్లల మీదికి చేరాయి. నాగపూర్‌లో పనిచేసిన స్టీఫెన్ హిస్లాప్ అనే మతప్రచారకుడు ఇక్కడి శిలాజాలను ఎంతో శ్రద్ధగా పోగుచేశాడు. నాగపూర్‌లో ఆయన పేరు మీద కళాశాల ఉంది, దాని ముందు నుంచి మన పిల్లలు ఎంతోమంది నడిచి ఉంటారు. ఈ ఊరి పేరు మీదనే ఆ రాతి పొరలకు కోట శ్రేణి అని పేరు స్థిరపడింది. వయసు సుమారు 18 కోట్ల ఏళ్లు. ప్రపంచంలో ఎక్కడ ఆ కాలపు జంతువుల గురించి రాసినా ఈ పేరు ప్రస్తావించక తప్పదు.

ఆ తర్వాతి మలుపు విచిత్రమైనది. 1950ల చివర ఇక్కడికి ఎముకలు వెతుక్కుంటూ వచ్చినవారు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మనుషులు. గణాంకాల సంస్థకు రాక్షసబల్లులతో ఏం పని? ఆ సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ దృష్టి అంత విశాలమైనది. కొలవగలిగినదంతా తమ శాస్త్రానికి సంబంధించినదేనని ఆయన భావించాడు. లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తను పిలిపించి భూగర్భ పరిశోధన విభాగాన్ని ఏర్పాటు చేయించాడు. ఆ బృందం సిరోంచ తాలూకాలో పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు, ఇది మన పోచంపల్లి) తవ్వితే సుమారు 300 ఎముకలు బయటపడ్డాయి. కనీసం ఆరు జంతువులవి. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, అంటే నిలబెడితే మనిషి ఎత్తు. ఎముకలతో పాటే పెద్ద పెద్ద చెట్ల మొద్దులు కూడా రాళ్లయి దొరికాయి. ఏదో ఆపదలో మంద చనిపోయి, వరద వాటినీ కూలిన చెట్లనూ కలిపి ఒకచోటికి నెట్టి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. 1975లో ఆ రాక్షసబల్లికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. తవ్వకాలు సాగిన 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం కావడం వల్ల ఆయన పేరు కలిసింది. దాని అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో ఆ సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది.

గోదావరికి అవతల, తెలంగాణ వైపు యామన్‌పల్లి దగ్గర ఇంకో రకం దొరికింది. పన్నెండు జంతువులకు చెందిన 840 ఎముకలు. పి. యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశాడు. పొడవు సుమారు 9 మీటర్లు. హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో మీరు చూసే ఆకులు మేసే పొడవు మెడ జంతువు ఇదే. ఈ పొరల్లోనే ఎలుక కన్నా పెద్దవి కాని తొలి క్షీరదాల పళ్లు కూడా దొరికాయి. బియ్యపు గింజంత పళ్లను మట్టిని జల్లెడ పట్టి పట్టి ఏరిన మనుషుల ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను. రాక్షసబల్లి తొడ ఎముక చూసి ఎవరైనా ఆశ్చర్యపోతారు. శాస్త్రానికి మాత్రం మన పూర్వీకుల దూరపు బంధువులైన ఆ చిన్న జీవుల పళ్లు అంతకు తక్కువేమీ కాదు.

ఎముకలు ఇక్కడే ఎందుకు ఇన్ని నిలిచాయన్న ప్రశ్నకు జవాబు మళ్లీ చీలికే. జంతువులు అన్నిచోట్లా చచ్చిపోతాయి. పైకి లేచే నేల మీద చచ్చినవాటి ఎముకలు ఎండకూ వానకూ పొడి అవుతాయి. దిగిపోతున్న నేల మీద చచ్చినవాటిని బురద వెంటనే కప్పేస్తుంది. కోట్ల ఏళ్లు దిగుతూ పోయిన ఈ పట్టీ అందుకే అంత గొప్ప భాండారమైంది.

సిరోంచ వైపు వచ్చేవారు కాళేశ్వర ముక్తేశ్వర స్వామిని దర్శించుకుని, గోదావరి వంతెన దాటి మా ఊరికి వచ్చి, ఫోటోలు తీసుకుని తిరిగి వెళ్తారు. కాస్త సమయం పెట్టుకుని వడధం శిలాజ ఉద్యానానికి కూడా వెళ్లండి. రాయిగా మారిన చెట్ల మొద్దులు నేల మీదే కనబడతాయి, వాటి వలయాలను వేలితో తడమవచ్చు. ఇంకా దూరం పోగలిగితే ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలిసే సోమనూరు దాకా వెళ్లవచ్చు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ముక్క కూడా జేబులో వేసుకోవద్దు. శిలాజం విలువ అది ఏ పొరలో, ఏ రాతి పక్కన, ఏ దిక్కుకు తిరిగి పడి ఉందనే దానిలో ఉంటుంది. ఇంటి అలమారాలోకి చేరిన మరుక్షణం అది వట్టి రాయి అయిపోతుంది. ఈ తాలూకా పిల్లలు తమ ఊరి జంతువును చూడాలంటే కలకత్తా వెళ్లాల్సి రావడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. అసలు ఎముకలు అక్కడే భద్రంగా ఉండనివ్వండి. కనీసం పూర్తి పరిమాణంలో ఒక అచ్చు, పక్కన తెలుగు, మరాఠీ, గోండీ మూడింటిలో వివరాల ఫలకం సిరోంచలో ఉంటే ఎంత బాగుంటుంది!

ఇప్పుడు భూకంపం సంగతి. చీలిక సాగడం ఆగి కోట్ల ఏళ్లయింది కదా, మళ్లీ కదలిక ఎక్కడిది? ఇప్పుడు పని చేస్తున్నది వేరే బలం. ఇండియాను మోస్తున్న పెద్ద రాతి ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడిలో పెద్ద భాగం హిమాలయాల దగ్గర ఖర్చవుతుంది. మిగిలినది ఫలకం అంతటా పరుచుకుంటుంది. పాత దుప్పటిని రెండు కొసలు పట్టి లాగితే కుట్టు వేసిన చోటే ముందు పిగులుతుంది. నేలలోనూ ఒత్తిడి తట్టుకోలేనిది పాత పగుళ్లున్న చోటే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం ఈ లోయలోనిదే. 2024 నాటిదీ ఈ లోయలోనిదే.

తీవ్రత అంకెలు చాలామందిని తికమక పెడతాయి. 5.3కీ 5.7కీ పెద్ద తేడా లేనట్టు కనబడుతుంది. ఈ కొలతలో ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన 1969 నాటి భూకంపం 2024 దాని కన్నా దాదాపు నాలుగు రెట్లు బలమైనది. లోతు కూడా ముఖ్యం. ములుగు భూకంపం పుట్టింది సుమారు 40 కిలోమీటర్ల లోతున, అంటే భూమి పైపెంకు అయిన భూపటలం అడుగు అంచుల్లో. అంత లోతు నుంచి వచ్చిన కుదుపు చాలా దూరం పాకుతుంది, కానీ నేల మీదికి చేరేసరికి ఉధృతి పలచబడుతుంది. హైదరాబాదుకు తెలిసినా ములుగులో ఇళ్లు కూలకపోవడంలో దీనికి పెద్ద పాత్ర ఉంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారిలో జరిగింది ఇందుకు పూర్తిగా వేరు. తీవ్రత 6.2, లోతు చాలా తక్కువ, దాని పైన మట్టితో పేర్చిన బరువైన రాతి గోడల ఇళ్లు. నిద్రలో ఉన్న వేలమంది ఆ గోడల కిందే పోయారు.

ఇక మొదట చెప్పిన పుకార్ల దగ్గరికి వద్దాం. జలాశయాలు భూకంపాలు తేగలవన్నది నిజమే. అందుకు ప్రపంచమంతా చూపే ఉదాహరణ మన మహారాష్ట్రలోనే ఉంది. 103 మీటర్ల ఎత్తున్న కొయనా ఆనకట్ట నిండిన కొన్నేళ్లకు, 1967 డిసెంబరులో అక్కడ 6.3 తీవ్రతతో భూమి కంపించింది. లోతైన నీటి బరువు, పగుళ్లలోకి దిగే నీటి ఒత్తిడి కలిసి అక్కడ పని చేశాయి. కాబట్టి మేడిగడ్డ గురించి అడగడం తప్పు కాదు, అడగవలసిన ప్రశ్నే. కానీ మేడిగడ్డ నదికి అడ్డంగా కట్టిన బ్యారేజీ, నిండితే 16 టీఎంసీల నీరు నిలుస్తుంది. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకు కుంగినప్పటి నుంచి గేట్లు ఎత్తే ఉంచారు. భూకంపం నాటికి దానిలో నిల్వ నీరే లేదు. జలాశయం రేపే భూకంపాలు దాని చుట్టుపక్కల, తక్కువ లోతులో వస్తాయి. ఇది వచ్చింది 40 కిలోమీటర్ల అడుగున. బ్లాకు కుంగడానికి కారణం కూడా భూకంపం కాదు. పునాది కింది ఇసుక నీటితో పాటు కొట్టుకుపోవడం. బ్యారేజీ మీద మా ఒడ్డు రైతులకు ముంపు గురించిన ఫిర్యాదులు ఉన్నాయి, అవి న్యాయమైనవి. ఆ ఫిర్యాదుకు భూకంపాన్ని జోడిస్తే దాని బలం పెరగదు, తగ్గుతుంది.

బొగ్గు గనుల లోతు కొన్ని వందల మీటర్లు. అక్కడి పేలుళ్లు చుట్టుపక్కల ఇళ్ల గోడలను బీటలు వార్చగలవు, గనిలో కప్పు కూలితే చిన్న అదురు తెలుస్తుంది. నలభై కిలోమీటర్ల కింద ఉన్న రాతిని అవి కదిలించలేవు. మేడారం చెట్లను కూల్చినది మేఘాల్లో పుట్టిన గాలి. దానికీ అంత అడుగున రాతిలో జరిగిన జారుడుకూ ఎటువంటి దారీ లేదు. రెండూ ఒకే అడవిలో, ఒకే ఏడాది జరగడం వల్ల మనసు వాటిని ముడి పెట్టింది.

మణుగూరు సంగతి ఇందాక తలచాను. అక్కడి పగిడేరులో బోరు నుంచి వేడి నీళ్లు వాటంతటవే ఎగదన్నుతాయి. వాన నీరు చీలిక పగుళ్ల వెంట లోతుకు దిగి, కాగి, మళ్లీ పైకి వస్తోంది. ఆ వేడితో 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రాన్ని కూడా నడిపి చూశారు. పెద్ద కరెంటు కాదు గానీ, ఆ పగుళ్లు ఎంత లోతుకు పోతాయో కళ్లకు చూపించే సాక్ష్యం.

భయపడి ఊళ్లు వదలాల్సిన ప్రాంతం కాదు మనది. 2002లో వచ్చిన భూకంప పటం భద్రాచలం వైపు గోదావరి లోయను మూడో మండలంలో, అంటే మధ్యస్థ ప్రమాదం ఉన్న చోట చేర్చింది. ఇళ్ల విషయంలో మాత్రం పట్టింపు ఉండాలి. టేకు గుంజలు పాతి, వెదురు తడికలు కట్టి, మట్టి మెత్తిన పాత ఇళ్లకు భూకంపంలో పెద్దగా ముప్పు ఉండదు. గుంజలు ఊగుతాయి, తడిక వంగుతుంది, కప్పు నిలబడుతుంది. నాకు దిగులు కలిగించేవి ఇప్పుడు కడుతున్న మధ్యరకం ఇళ్లు. పిల్లర్లు లేకుండా మట్టితోనో నాసి సిమెంటుతోనో ఇటుక పేర్చి, దాని మీద బరువైన స్లాబు వేస్తున్నారు. ఖర్చు కలిసిరాక అలా చేస్తున్నారని తెలుసు. అయినా ఒక్క పని మాత్రం మేస్త్రీతో పట్టుబట్టి చేయించుకోండి. తలుపులు, కిటికీల పైన లింటెల్ ఎత్తున ఇనుప చువ్వలతో కాంక్రీటు బెల్టు నాలుగు గోడలకూ తెగకుండా తిప్పించండి. కిటికీ వరకే ముక్క లింటెల్ వేసి వదిలేస్తే సరిపోదు. మూలల దగ్గర చువ్వలు వంగి పక్క గోడలోకి పోవాలి, అప్పుడే నాలుగు గోడలూ ఒక్కటిగా ఊగుతాయి. మట్టి గోడల ఇల్లయితే అదే ఎత్తున చెక్క దూలాలతో బెల్టు చుట్టి మూలల్లో బిగించవచ్చు. మంచానికి పైన గోడ మీద బరువైన అరలు పెట్టకండి.